షోరూము కోసం మెట్లు ఖాళీ చేశాం

అభివృద్ధి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు దాకా వచ్చింది కానీ మా సందులోకి తిరగలేదు. దాన్ని ఎలాగైనా తిప్పాలని తెలంగాణ ఉద్యమం రోజుల్లో మేం పన్నెండు మందిమి ఏళ్ళ తరబడి మీటింగులు పెట్టాం. ఆ మీటింగులన్నిటికీ మినిట్స్ రాసింది నేనే. కాబట్టి తప్పెవరిదో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

మా కాంప్లెక్సు చైతన్యపురి వైపు వెళ్ళే దారిలో, మెయిన్ రోడ్డుకి నూరడుగుల లోపల ఉండేది. ఆ నూరడుగులే మా కొంప ముంచాయి. మూడంతస్తులు కట్టాం. భాగస్తులందరం నల్లగొండ జిల్లా పల్లెల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళమే. నేను ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను, అప్పుడు చేతికొచ్చిందంతా తెచ్చి ఆ ఇటుకల్లో పెట్టాను. దస్తూరి బాగుంటుందని నన్ను సెక్రటరీని చేశారు. మా చైర్మన్ ఒకప్పుడు లారీలు తిప్పిన పెద్దమనిషి. ఏ పనైనా వెనక నిలబడి గట్టిగా అరిస్తే కదులుతుందని ఆయన నమ్మకం.

కింది అంతస్తులో ఎనిమిది షట్టర్లు. ఒకదాంట్లో జిరాక్సు, ఇంకోదాంట్లో ఫోను రీచార్జీ. మిగతా ఆరూ తుప్పు పట్టకుండా నెలకోసారి పైకెత్తి దించేవాళ్ళం. అవతల మెయిన్ రోడ్డు మీద కాలు పెట్టే సందుండేది కాదు. చీరల షాపులు, చెప్పుల షాపులు, కోచింగ్ సెంటర్ల పిల్లలు, బస్సుల హారన్లు. ఆ జనంలోంచి గుప్పెడు మంది మావైపు తిరిగినా చాలనుకునేవాళ్ళం. తిరిగిన కొద్దిమందీ మా గోడ పక్కన బండి పెట్టుకుని, తాళం వేసుకుని, మళ్ళీ మెయిన్ రోడ్డుకే వెళ్ళిపోయేవాళ్ళు.

ఎందుకు రావడం లేదన్నదే ప్రతి మీటింగులో ఎజెండా. మొదట్లో వాస్తు అన్నారు. ఈశాన్యంలో మెట్లు ఉండకూడదట. మెట్లు జరపడం కుదరదు కనుక గేటు జరిపాం. గేటు జరిపితే కరెంటు స్తంభం అడ్డొచ్చింది. గేటును మళ్ళీ పాత చోటికే తెచ్చాం, ఈసారి గులాబీ రంగు వేసి. తర్వాత ఉద్యమం ఊపందుకుంది, మా వాస్తు దోషం కాస్తా రాజకీయ దోషమైంది. తెలంగాణ వస్తే ఇక్కడ గజం జాగా కొనే దిక్కుండదని ఒకాయన, తెలంగాణ వస్తేనే జాగా మన చేతికి దక్కుతుందని ఇంకొకాయన. ఇద్దరూ పొద్దున ఒకే ర్యాలీలో ఒకే జెండా పట్టుకుని నడిచి, సాయంత్రం బిస్కెట్ల ప్లేటు మీదుగా ఒకరి మీద ఒకరు అరుచుకునేవాళ్ళు. చివరికి నేను ‘పరిస్థితులు చక్కబడే వరకు వేచి చూడవలెనని తీర్మానించడమైనది’ అని రాసేదాన్ని. అందరూ సంతకాలు పెట్టి, మిగిలిన బిస్కెట్లు జేబులో వేసుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు.

బంద్ రోజుల్లో ఉద్యమకారులు జెండాలతో వచ్చి షాపులు మూయించేవాళ్ళు. మెయిన్ రోడ్డు మీద ప్రతి షట్టరు దగ్గరా వాదన నడిచేది. మా దగ్గరికొచ్చేసరికి మూయించడానికి ఏమీ మిగిలేది కాదు. ఒకసారి వాళ్ళ నాయకుడు మా చైర్మన్ చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు.

“గీ ఏరియాల మీ కాంప్లెక్సు ఒక్కటే నూటికి నూరుపాళ్ళు బంద్ చేసింది పెద్దాయనా. మీ అసొంటోళ్ళు జాగకొకలున్నా చాలు, తెలంగాణ రేపే ఒస్తది.”

చైర్మన్‌కి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, దండం పెట్టాడు. మా కాంప్లెక్సుకి దక్కిన మొదటి పొగడ్త కదా అని నేను దాన్ని మినిట్స్‌లో ఎక్కించాను.

నిజానికి మా దగ్గరికీ జనం వచ్చేవాళ్ళు. వాళ్ళను మేం జనం కింద లెక్కపెట్టలేదు, అంతే. మెట్ల కింద ఖాళీ మూలలో ఒకామె కుట్టుమిషను పెట్టుకుని ఉండేది. పెట్టించింది నేనే. ఆమెది మా ఊరికి రెండు ఊళ్ళ అవతల. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని సైదాబాదులో ఒక కిరాయి గదిలోకి వచ్చింది. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ మిషనుకు. ఒకసారి నాకు జాకెట్టు కుట్టిచ్చింది. ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద చెయ్యెత్తి రాశాను, చంక పట్టని జాకెట్టు తొడగడం అదే మొదలు. “చెల్లె, గదిల కూసుంటే నీ పని ఎవలకు తెలుస్తది? మా మెట్ల కింద జాగ ఉన్నది, ఆడ పెట్టుకో” అన్నాను. పెట్టుకుంది. అలా ఆరేళ్ళు.

హాస్టళ్ళ అమ్మాయిలు చుడీదార్లు బిగించుకోవడానికి వచ్చేవాళ్ళు. పెళ్ళిళ్ళవాళ్ళు జాకెట్లకు, పెద్దామెలు చీరకు ఫాల్ వేయించుకోవడానికి వచ్చేవాళ్ళు. ప్లాస్టిక్ కవర్లు ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద వరసగా కూర్చుని, ఒకరి చీర అంచు ఒకరు తడిమి చూసుకునేవాళ్ళు. “వెనక మెడ కాస్త లోతు పెట్టండి, మరీ వద్దండి” అని గుంటూరు వైపు ఆమె అంటే, “నాకు జర మంచిగనే పెట్టు, మా ఆయన ఏమనడు” అని సూర్యాపేట వైపు ఆమె అనేది. రాష్ట్రాన్ని ఎట్లా కోయాలన్నదాని మీద టీవీల్లో పెద్దలు గొంతులు చించుకుంటున్న రోజుల్లో, మా మెట్ల మీద గొడవంతా మెడ ఎంత కోయాలన్న దగ్గరే ఉండేది.

భాగస్తులకు ఇది నచ్చేది కాదు. “ఇది కాంప్లెక్స్ లెక్క లేదు టీచరమ్మా, బస్టాండ్ లెక్కున్నది” అనేవాడు చైర్మన్. పైకెక్కాలంటే ఆడవాళ్ళను తప్పించుకుంటూ పోవాలని ఆయన బాధ. పైన ఏముందని ఎక్కడమో నేనెప్పుడూ అడగలేదు.

ఇట్లా ఉండగా ఒక కబురొచ్చింది. కోస్తాలో పేరున్న చీరల షోరూమువాళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీనగర్‌కీ మధ్య చోటు వెతుకుతున్నారట. మా కింది అంతస్తు మొత్తం కలిపేస్తే వాళ్ళకు సరిపోతుందట. చైర్మన్ అర్జెంటు మీటింగు పెట్టాడు. ‘జాగా మన చేతికి దక్కాలి’ అనే ఆయన అందరికంటే ముందు చెయ్యెత్తాడు. “ఆంధ్రోళ్ళయితే ఏంది? చీరకు ప్రాంతమేంది?” అన్నాడు. మా చరిత్రలో ఏకగ్రీవంగా జరిగిన తీర్మానం అదొక్కటే.

అక్కడికి జనం ఎంతమంది వస్తారో ఫోటోలు పంపమని షోరూము మేనేజరు ఫోను చేశాడు. జనాన్ని ఎక్కణ్ణుంచి తేవాలి? అదృష్టం కొద్దీ ఆ వారమే మా దగ్గర వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే అందరూ కూర్చుని తినే నిరసన అది. బస్సులు ఆగిపోయాయి. మెయిన్ రోడ్డు నిండి, జనం మా సందులోకి పొంగారు. మా గోడ నీడన కూర్చుని వందలమంది పప్పన్నం తిన్నారు. చైర్మన్ ఎదురు మేడ ఎక్కి, జెండాలు పడకుండా, మా బోర్డు మాత్రం పడేట్టు ఫోటో తీయించాడు. దాని కింద ‘మా కాంప్లెక్సు వద్ద సాధారణ రద్దీ’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది నేను. అబద్ధం ఆడకూడదని ముప్ఫై ఏళ్ళు కాపీలు రాయించిన పంతులమ్మను.

ఫోటో పనిచేసిందనుకున్నాం. షోరూము యజమాని స్వయంగా చూడటానికి వస్తున్నారని మేనేజరు చెప్పాడు. ఇక మా హడావుడి చూడాలి. గోడలకు రంగు, గుమ్మంలో పూలకుండీలు, గేటు దగ్గర ఆకుపచ్చని ప్లాస్టిక్ గడ్డి. వాచ్‌మన్‌కి టోపీ కొన్నారు. ఆయన తల పెద్దది, టోపీ చిన్నది. ఒక చేత్తో టోపీ పట్టుకుని, ఇంకో చేత్తో సెల్యూట్ కొట్టడం సాధన చేశాడు పాపం.

“టీచరమ్మా, గా కుట్టుమిషన్ తీపియ్యాలె” అన్నాడు చైర్మన్. “గంత పెద్ద షోరూమోళ్ళు ఒస్తుంటే మెట్ల మీద గా పేలికలు, గా ఆడోళ్ళు ఏంది? మన ఇజ్జత్ ఏం గావాలె?”

“ఆమె యాడికి పోతదన్నా?” అన్నాను.

“పదిహేను రోజులే. ఆళ్ళు సంతకం పెట్టినంక మల్ల చూద్దాం. మీరు తెచ్చిన్రు, మీరే చెప్పున్రి. నేను చెప్తే మనసుకు తీసుకుంటది.”

నేను కాదని ఉండాల్సింది. అనలేదు. నాకూ షోరూము కావాలి. నా వాటాకొచ్చిన షట్టరు తాళం నా బీరువాలో కొత్తది కొత్తదిగానే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నా బతుకంతా పోసి కొన్నది ఈ తాళంచెవేనా అని ఏడుపొచ్చేది. ఆ ఏడుపు ముందు ఆమె మిషను నాకు చిన్నదిగా కనిపించింది. ఉన్నమాట అది.

వెళ్ళి చెప్పాను. మాఘమాసం పెళ్ళిళ్ళు ముందున్నాయి. ఆమె పక్కన కత్తిరించిన జాకెట్లు గుట్టగా ఉన్నాయి. మిషను తొక్కుతున్న కాలు ఆపి విన్నది.

“పదిహేను రోజులేనా అక్కా?”

“గంతే.”

“పెండ్లిండ్ల దినాలు. గిప్పుడు లేచిపోతే నన్ను యాడ ఎతుక్కుంటరు?”

“నీ ఫోను నంబరు రాసి గోడకు అంటిస్తా.”

“సరే అక్కా. నువ్వు చెప్తున్నవంటే ఏదో ఉంటది” అని లేచింది.

వాదించి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. మిషను ఆటోలో ఎక్కించాం. నేను కాగితం అంటించాను. కొత్త రంగు పాడవుతుందని చైర్మన్ మర్నాడే దాన్ని పీకేశాడు. ఇంకో కాగితం రాయడానికి నాకు రెండు నిమిషాలు పట్టదు. రాయలేదు. కొన్నాళ్ళు ఆడవాళ్ళు కవర్లు పట్టుకుని వచ్చి, ప్లాస్టిక్ గడ్డి మీద నిలబడి, అటూ ఇటూ చూసి వెళ్ళిపోయారు. తర్వాత రావడమే మానేశారు. ఆ వారం మినిట్స్‌లో ‘మెట్ల క్రింద గల అడ్డంకి తొలగించబడినది’ అని రాశాను.

యజమాని మొదట వస్తానన్న తారీఖున బంద్ వచ్చింది. రెండోసారి రైళ్ళు ఆపేశారు. మేం పట్టుకున్న జెండాయే మా షోరూముకి అడ్డం పడుతుంటే, చైర్మన్ ఉద్యమకారుల దగ్గరికి వెళ్ళి, “వచ్చే శుక్రవారం మాత్రం ఏం పెట్టుకోకున్రి బిడ్డా” అని బతిమాలుకున్నాడు. అంత నిజాయితీగా బంద్ చేసే మనిషి మాట కాదనలేక వాళ్ళు సరేనన్నారు. ఇదంతా అయ్యేసరికి పదిహేను రోజులు పోయి మూడు నెలలైంది. మధ్యలో ఆమె రెండుసార్లు ఫోను చేసింది. “రావాల్నా అక్కా?” అంటే “ఇంకొన్ని దినాలు” అన్నాను. మూడోసారి చేయలేదు. నేనూ చేయలేదు.

శుక్రవారం యజమాని వచ్చారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నెమ్మదైన మనిషి. వాచ్‌మన్ రెండు చేతులతోనూ తన కర్తవ్యం నిర్వర్తించాడు. పెద్దాయన షట్టర్లన్నీ చూశారు, గోడలు తట్టి చూశారు, చైర్మన్ ఇచ్చిన కొబ్బరినీళ్ళు తాగారు.

“ఆ ఫోటోలో విస్తళ్ళు కనిపించాయండీ. ఆ రోజు ఇక్కడేదైనా శుభకార్యమా?” అని అడిగారు.

“అన్నదానం సార్. అప్పుడప్పుడు చేస్తుంటం” అన్నాడు చైర్మన్, రెప్ప వేయకుండా.

“వంటావార్పు మా ఊళ్ళో టీవీలోనూ చూపిస్తారండీ” అని పెద్దాయన నవ్వారు.

చైర్మన్ గొంతు సవరించుకుని, ఉద్యమం గురించి దిగులు పడొద్దని, అంతా తొందరగానే తేలిపోతుందని మొదలుపెట్టాడు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టారు. “దానికేముందండీ. ఒక రోజు బంద్ అయితే మర్నాడు రెండింతలు అమ్ముకుంటాం. రాష్ట్రం ఒకటైనా రెండైనా ఆడవాళ్ళు చీర కట్టడం మానరు కదండీ.” ఇన్నేళ్ళ మా తీర్మానాలన్నీ ఆ ఒక్క మాటతో చెల్లని కాగితాలైపోయాయి.

ఆయన మెట్లవైపు తిరిగారు. “ఇక్కడ జాకెట్లు కుట్టే ఆవిడ ఉండాలండీ. ఏరీ?”

“తీసేసినం సార్” అన్నాడు చైర్మన్ గర్వంగా. “మొత్తం నీట్ జేసినం.”

పెద్దాయన మెట్ల కింద ఖాళీ మూలలోకి వంగి చూశారు. తర్వాత నావైపు చూసి చెప్పారు, బహుశా నేను ఆడమనిషిని కనుక. “చూడండమ్మా, కిందటేడు మా ఆవిడ ఇక్కడ చుట్టాలింటికొచ్చి, మీ దగ్గర ఒక జాకెట్టు కుట్టించుకుంది. ఈ మెట్ల మీద గంటసేపు కూర్చుందంట. చీరలు చేత్తో పట్టుకుని ఇంతమంది ఆడవాళ్ళు కూర్చునే చోటు ఊరంతా తిరిగినా ఇంకోటి కనపడలేదండీ, పెడితే అక్కడే పెట్టండి అంది. ఆవిడ మాట మీద వచ్చాను నేను. మీ ఫోటో చూసి కాదు.”

“గంతేనా సార్? ఏసీ పెట్టి మంచి డిజైనర్ బొటిక్ తెప్పిస్తం” అన్నాడు చైర్మన్.

“బొటిక్ వద్దండీ. ఆవిడ కావాలి. వచ్చి కూర్చున్నాక కబురు చేయండి, కాగితాలు పట్టుకొస్తాను” అని కారెక్కారు.

అక్కడే, కుండీల మధ్య నిలబడే మీటింగైంది. ఈసారి బిస్కెట్లు లేవు. పదకొండు మందీ నావైపు చూశారు.

“ఎట్లన్న జేసి తోల్కరాన్రి టీచరమ్మా” అన్నాడు చైర్మన్. “మెట్ల కిందనే మల్ల కూసోమనున్రి. లైటు పెట్టిస్తమని చెప్పున్రి. ఫ్యాన్ గూడ.”

ఆరు షట్టర్లు ఖాళీగా ఉన్నాయి. ఒకటి ఆమెకిద్దామని పన్నెండు మందిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ పన్నెండో మనిషిని నేనే.

ఆ షోరూము మాకు రాలేదని ఇక్కడే చెప్పేస్తాను. ఎల్బీనగర్ అవతల ఎక్కడో పెట్టుకున్నారని విన్నాం. తెలంగాణ వచ్చిన రోజు ఊరంతా టపాసులు కాలుస్తుంటే మా ఆరు షట్టర్లూ మూసే ఉన్నాయి. ఆ రోజు బంద్ కూడా కాదు.

పెద్దాయన వచ్చి వెళ్ళిన మర్నాడు ఆమె సైదాబాదు గదికి పోతే, కర్మన్‌ఘాట్‌కి మారిందన్నారు. ఆటో ఎక్కి అక్కడికి వెళ్ళాను. హనుమంతుడి గుడి దగ్గర దిగి, జాకెట్లు కుట్టే ఆమె ఎక్కడని అడిగితే ముగ్గురు ఒకేసారి చెయ్యి చూపించారు. ఒక ఇంటి ముందు రేకుల వరండాలో ఉంది ఆమె. ఎదురుగా ఒకతను మ్యాచింగ్ జాకెట్టు ముక్కలు పరిచాడు. పక్కన గాజుల బండి. ఇంకో ఆమె చీర అంచులు కుట్టే పీకో మిషను తెచ్చుకుని కూర్చుంది. మూలన మిర్చి బజ్జీలు వేస్తున్నారు. మూడు నెలల కింద ఆ సందులో ఇవేవీ లేవట. అవతలి ఇంటాయన ముందు గది పగలగొట్టించి రెండు షట్టర్లు పెట్టిస్తున్నాడు. అతనికి చైర్మన్ లేడు, సెక్రటరీ లేదు, ఒక్క తీర్మానం కూడా చేయలేదు.

నన్ను చూసి ఆమె స్టూలు జరిపింది. “కూసో అక్కా. మంచిగున్నవా?” అంది. ఎప్పుడొచ్చావనీ, ఎందుకొచ్చావనీ అడగలేదు. నేనే అంతా చెప్పాను. పెద్దాయన వచ్చిందీ, ఆమెను అడిగిందీ చెప్పాను.

“కాగితం చింపేస్తే నేను మల్ల అంటియ్యలే చెల్లె. పుస్తకంల నిన్ను అడ్డంకి అని రాసిన. తప్పు నాది” అన్నాను.

ఆమె దారం పళ్ళతో కొరికి, జాకెట్టు దులిపింది. “నేనొస్తే షోరూము ఒస్తదా అక్కా?”

“ఒస్తదని చెప్పిండాయన.”

“నీకు మేలైతది.”

“అయితది.”

“యాడ కూసోమంటున్రు?”

“మెట్ల కిందనే. లైటు పెడ్తరట. ఫ్యాను గూడ” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటేనే నాకు సిగ్గేసింది.

ఆమె లేచి, కుట్టిన జాకెట్టు దండేనికి తగిలించింది. “నీకు తెల్వదు గని అక్కా, ఆడ నేను పని మీద ఉన్నంతసేపు నడుం లేపి నిలవడలే. లేస్తే తల మెట్టుకు తాకుతుండె. కొలతలు గూడ వంగే తీసుకుంటుంటి. మెడనొప్పని దవాఖానకు పోతే, పనన్న మార్చు, జాగన్న మార్చు అన్నది డాక్టరమ్మ. ఈడికొచ్చినంక నొప్పి పోయింది.”

ఆరేళ్ళు నేను ఆ మెట్లు ఎక్కి దిగాను. దిక్కులేని మనిషికి చోటు చూపించానని పది మందిలో చెప్పుకున్నాను. ఆమె నాకంటే పొడగరి అన్న సంగతి ఆ రోజు ఆ వరండాలో గమనించాను.

“నేను రానక్కా” అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బతిమాలుకోవడానికి నాకో దారి దొరికేది.

టేపు మెడలో వేసుకుని, నా వెనక కాచుకుని ఉన్నామెను ముందుకు రమ్మంది. నేను స్టూలు ఖాళీ చేశాను.